అన్నం బల్ల దగ్గర మా తెలుగు

మా పద్మిని పిన్ని చాలా మంచిదని ఈ చిమిండైంగ్ పేటలో ఎవరినడిగినా చెబుతారు. గుడి కమిటీ వాళ్ళు చెబుతారు, బజారులో చేపలమ్మే బర్మా ఆడవాళ్ళు చెబుతారు, ఆఖరికి మా దండాసి బాబాయి కూడా చెబుతాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరేమన్నా పళ్ళికిలించడమే మంచితనమైతే, మా పిన్నిని మించిన మంచిది ఈ యాంగోన్‌లోనే లేదు.

నా పేరు అరుణశ్రీ. ఇరవై నాలుగేళ్ళు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ పిన్నే కాబట్టి ఆమెను తిట్టే హక్కు నాకుంది. ఎవరికీ లేకపోయినా నాకుంది.

మా ముత్తాత సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తాతా అదే రేవులో నడుం విరగ్గొట్టుకున్నాడు. పిన్ని ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, ఒక్కసారి కూడా ఇండియా మొహం చూడలేదు. మా వాళ్ళందరికీ ఉన్నట్టే ఆమెకూ రెండు పేర్లు. ఇంట్లో పద్మిని, బయట ఫ్యూఫ్యూ. ఫ్యూ అంటే బర్మా మాటలో తెలుపు. పిన్ని నల్లగా నిగనిగలాడుతుంది. బడిలో చేర్చిన రోజున టీచరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, కావాలనే ఆ పేరు రాసిందట. క్లాసంతా నవ్విందట. “నానూ నవ్వీసినాను” అని ఇప్పటికీ అదేదో ఘనకార్యంలా చెబుతుంది మా పిన్ని.

పంతొమ్మిదేళ్ళుగా ఆమె లైంగ్‌థార్యార్‌లో చలికి వేసుకునే జాకెట్లు కుట్టే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. మెడలో టేపు వేసుకుని, కుట్టిన జాకెట్లు కొలిచి, కుట్టు వంకర పోయిందో లేదో చూసే పని. కాలేజీ మధ్యలో ఆగిపోయాక రెండేళ్ళ కిందట నన్నూ అదే పనికి తీసుకెళ్ళింది. పొద్దున్న ఆరింటికి ఫ్యాక్టరీ బస్సు వస్తుంది. నది మీదుగా పోయినా పోకపోయినా ఈ ఊళ్ళో దాన్ని ఫెర్రీ అనే అంటారు. ఎక్కగానే డ్రైవరు “కలామలు ఎక్కేశారు, పోదాం” అంటాడు. పిన్ని నవ్వుతుంది.

ఆ మాట గురించి చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. ఇండియా ముఖం ఉన్న వాళ్ళందరినీ ఇక్కడ కలా అంటారు. ఆడదైతే కలామ. ముద్దుగా పిలిచేవాళ్ళున్నారు, ఉమ్మేసినట్టు పిలిచేవాళ్ళూ ఉన్నారు. ఏది ఏదో వినగానే మన వీపుకి తెలిసిపోతుంది. పదేళ్ళప్పుడు నేను ఏడుస్తూ ఇంటికొస్తే పిన్ని ఏమందో తెలుసా?

“కుర్చీని ఈల్లు కలాథైంగ్ అంతారు. సెనగల్ని కలాపే అంతారు. కుర్చీకెప్పుడైనా కోపమొచ్చిందేటే? నీకే వొచ్చీసిందా?”

అంతటితో ఊరుకోలేదు. “అయినా ఆ మాట మననన్నది కాదులే, సాయిబులనన్నది” అని కూడా అంది. మన మీద పడ్డ బురదను తుడిచి పక్కింటివాడి గోడకి పులమడం! మా వీధిలో ఎవరినడిగినా ఈ జవాబే చెబుతారు. నాకు అప్పుడే అసహ్యం వేసింది. కానీ పదేళ్ళ పిల్లని, ముక్కు తుడుచుకుని ఊరుకున్నాను.

ఫ్యాక్టరీలో మా మీద సూపర్‌వైజరు డా టిన్‌సేన్. డా అంటే మన గారు లాంటిదే, పెద్ద ఆడవాళ్ళ పేరుకు ముందు పెడతారు. ఆమెకి ఏభై అయిదు దాటాయి. బుగ్గల నిండా థనఖా గంధం, నోటి నిండా కిళ్ళీ, గొంతు మాత్రం మూడు లైన్ల మిషన్ల అవతలికి వినిపిస్తుంది. ఆవిడకి మా పిన్ని పేరు తెలియక కాదు, ఎప్పుడూ “ఏయ్ కలామ” అనే పిలిచేది. నేను చేరాక ఇద్దరికీ తేడా తెలియాలని నన్ను చిన్న కలామ అనడం మొదలుపెట్టింది. పిన్ని దానికీ నవ్వింది.

మధ్యాహ్నం అన్నం బల్ల దగ్గర మాత్రం వేరే పద్మిని బయటికొచ్చేది. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, అందరూ క్యారియర్లు విప్పి కూరలు బల్ల మధ్యలో పెడతారు, ఎవరికి కావలసింది వాళ్ళు చెంచాతో తీసుకుంటారు. మొదటి చెంచా మాత్రం బల్ల దగ్గరున్న పెద్దవాళ్ళ పళ్ళెంలో వెయ్యాలి. అది మర్యాద. టిన్‌సేన్‌కి మా పిన్ని వండే ఆనపకాయ పప్పంటే ఇష్టం, అందుకని రోజూ మా బల్లకే వచ్చేది. పిన్ని లేచి, కుడిచేతికి ఎడమచెయ్యి ఆనించి, వినయంగా మొదటి చెంచా వేస్తూ, తేనెలొలికే గొంతుతో తెలుగులో అనేది:

“తిను, సప్పిడిముక్కుదానా. కడుపు పగిలిందాకా తిను. నీ నప్పి కంపు మాకు తప్పదు గదా.”

నప్పి అంటే వీళ్ళు రోజూ తినే చేపల ముద్ద. నేను నవ్వాపుకోలేక పొలమారేదాన్ని. పొద్దుట్నించి పడ్డ మాటలన్నిటికీ అక్కడ తీర్చుకునేవాళ్ళం. టిన్‌సేన్ నడక, టిన్‌సేన్ మొగుడు, టిన్‌సేన్ జుట్టు, దేన్నీ వదల్లేదు. పక్కనున్న పిల్లలు “ఏమంటున్నారు?” అని అడిగితే పప్పులో పులుపు తక్కువైందట అని చెప్పేదాన్ని. టిన్‌సేన్ మాత్రం ఒక్కనాడూ అడగలేదు. మా తెలివికి మేమే మురిసిపోయాం. ఎంత బుద్ధిలేనివాళ్ళం!

ఇక సూది సంగతికి వస్తాను.

మా దగ్గర సూది విరిగితే అన్ని లైన్లూ ఆగిపోతాయి. విరిగిన ముక్కలన్నీ వెతికి, కాగితం మీద టేపుతో అతికించి, సూది మొత్తం ఉందని చూపిస్తే గాని కొత్త సూది ఇవ్వరు. అవి చిన్నపిల్లల జాకెట్లు. ఒక్క ముక్క లోపల ఉండిపోయిందంటే ఎవరో పసిబిడ్డకి గుచ్చుకుంటుంది. మొన్న ఫిబ్రవరిలో మూడో లైనులో సూది విరిగింది. మొన ముక్క దొరకలేదు. అప్పటికే ఆ లైను జాకెట్లు పది నేను చూసి ప్యాకింగుకి పంపేశాను. నలభై మంది ఆడపిల్లలు అయస్కాంతాలు పట్టుకుని నేల మీద పాకుతుంటే, టిన్‌సేన్ తిన్నగా నా దగ్గరికొచ్చింది.

“కళ్ళేమో గుడ్లగూబ కళ్ళు, చూపు మాత్రం లేదు చిన్న కలామకి” అంది బర్మాలో. అందరూ నవ్వారు.

“ముందు మిషనులో గుడ్డని నొక్కే పాదం కింద చూడండి” అన్నాను. నా గొంతు కాస్త లేచిన మాట నిజమే.

అంతే, ఆవిడ రెచ్చిపోయింది. “నాకు పని నేర్పుతావా? మీ కలాల్ని ఎక్కడ పెట్టినా మురికే. మా తిండి తిని మా కొంపలే పాడు చేస్తారు. పో, మీ కలా దేశానికి పోయి కుట్టుకో!”

ఆ అంతస్తులో మిషన్లు ఆగి ఉన్నాయి కదా, చివరి లైను దాకా వినబడింది. పావుగంటకి మొన దొరికింది. ఎక్కడ? మిషను పాదం కింద! క్షమించమని ఎవరూ అనలేదు. దానికన్నా నన్ను కోసేసింది వేరు. పిన్ని నాకు జానెడు దూరంలో నిలబడి ఉంది. టిన్‌సేన్ ఆ మాటలంటుంటే, ఆమె కూడా హిహి అని నవ్వింది.

మా జాకెట్లు కొనే విదేశీ కంపెనీ వాళ్ళు గోడకి ఒక ఫిర్యాదుల పెట్టె కొట్టించారు. జాతి పేరుతో తిడితే ఉద్యోగం పోతుందని దాని మీద రాసి ఉంటుంది. తప్పుడు ఫిర్యాదు చేసినా పోతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పెట్టెలో అప్పటిదాకా మిఠాయి కాగితాలు తప్ప ఏమీ పడలేదు. నేను రెండు పేజీలు రాసి పడేశాను. సాక్షి అన్నచోట పిన్ని పేరు రాశాను, ఎందుకంటే మిగతా నలభై మందీ నేల చూపులు చూస్తున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో రణరంగమే. పిన్ని చేతిలోని అప్పడాల కర్ర విసిరి కొట్టినంత పనిచేసింది.

“నా పేరెందుకు రాసినావే? నేదని రాసియ్యి. సెప్తే ఏటవుతాది? అదీ నేదంతాది, ఆల్లందరూ నేదంతారు. మల్లీ అదే బల్ల మీద దానికెదురుగా కూకుని తినాల నాను. పంతొమ్మిదేల్లు కూకున్నాను. నువ్వు రెండేల్లు కూకోనేకపోనావా?”

“నిజం చెప్పడానికి అంత భయమేంటి పిన్నీ నీకు?”

“నిజం మొదలెట్టడమే మన సేతిలో ఉంతాది గుంటా. ఎక్కడాగుతాదో నీకేటి తెలుసు?”

“నువ్వు సాక్ష్యం చెప్పకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. అబద్ధం చెప్పావా, ఈ ఇంట్లో కూడా ఉండను. ఆలోచించుకో.”

బాబాయి మధ్యలో “ఊరుకోండర్రా, గోడలకి చెవులుంటాయి” అన్నాడు. మా ఇంట్లో జాతి గురించిన ప్రతి మాటా అక్కడితోనే ఆగిపోతుంది. ఆగిపోవడమే శాంతి అనుకుంటారు. నాకు రోత పుట్టింది. కంచం తోసేసి పడుకున్నాను.

బుధవారం పొద్దున్న పది గంటలకి మేనేజరు గదిలోకి ముగ్గురినీ పిలిచారు. ఆయన బర్మా మనిషే, మెత్తగా మాట్లాడతాడు, గొడవంటే వణుకు. నా కాగితం వేళ్ళ చివర్లతో పట్టుకుని, “విదేశీయులు లెక్కలడుగుతారు, లేకపోతే ఇవన్నీ మన మధ్య అవసరమా?” అని మొదలుపెట్టాడు. టిన్‌సేన్‌ని అడిగితే, కోపంలో ఏదో అని ఉంటాను, గుర్తు లేదంది. అప్పుడు పిన్ని వైపు తిరిగాడు.

“ఫ్యూఫ్యూ, మీరు పక్కనే ఉన్నారట. ఏం విన్నారు?”

పిన్ని లేచి నిలబడింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“అంది సార్” అంది బర్మాలో. “మురికి అంది, మీ దేశానికి పొమ్మంది. పంతొమ్మిదేళ్ళుగా నన్నూ అంటూనే ఉంది. నేను నవ్వేదాన్ని. అది నవ్వొచ్చి కాదు సార్.”

లేచి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. నా జీవితంలో ఆమెను చూసి గర్వపడ్డది ఆ అరనిమిషమే. ఎందుకంటే వెంటనే టిన్‌సేన్ తన కుర్చీ పిన్ని వైపు జరుపుకుని నోరు విప్పింది. తెలుగులో. మా వీధి తెలుగు కూడా కాదు, మా అమ్మమ్మ మాట్లాడిన పాత తెలుగు.

“మరి నువ్వేటన్నావో అది కూడా సెప్పు పద్మినీ. నాను ఏటవతల తన్లిన్‌లో మీ తెలుగు కూలోల్ల ఇల్ల వరసల పక్కన పుట్టినాను. మా యమ్మకి పాలు నేకపోతే వెంకమ్మ అని మీ తెలుగావిడే పాలిచ్చి బతికించినాది నన్ను. ఆమెను అమ్మా అనే పిలిసినాను. పంతొమ్మిదేల్లు మీ మాటలన్నీ విన్నాను. సప్పిడిముక్కన్నావు, ఊరుకున్నాను. నప్పి కంపన్నావు, ఊరుకున్నాను. నా కూతురి బిడ్డ పుట్టీ పుట్టగానే సచ్చిపోతే, ఆ వారమే నా పల్లెంలో కూర ఏస్తా ఏటన్నావో సెప్పు.”

ఆ మాట నేను మీకు చెప్పలేదు. మరిచిపోయి కాదు. ఇంతసేపూ కావాలనే దాటేశాను. కిందటి వానాకాలంలో టిన్‌సేన్ నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. సంగతి అందరికీ తెలుసు. పిన్ని రోజూలాగే లేచి, వినయంగా ఆమె పళ్ళెంలో మొదటి చెంచా వేసి, “దీని నోటి పాపమే కూతురి కడుపుని కొట్టినాది. మంచిపనైంది” అంది. నేను పకపకా నవ్వాను. టిన్‌సేన్ తల వంచుకుని, ఆ అన్నమంతా తినేసి వెళ్ళిపోయింది.

పిన్ని నిలబడింది కాస్తా కుర్చీలో కూలబడింది.

“ఏమంటోంది? అరె, డా టిన్‌సేన్‌కి కలా భాష వచ్చా!” అని మేనేజరు ముచ్చటపడిపోయాడు. ఏ మాట మీద ఫిర్యాదో ఆ మాటే ఆయన నోట్లోంచి వచ్చింది. గదిలో నలుగురం ఉన్నాం, ఒక్కరం కూడా పట్టించుకోలేదు.

టిన్‌సేన్ నా వైపు చూసింది. “నువ్వు సెప్పు. సదువుకున్నదానివి. నిజం గావాలని రెండు పేజీలు రాసినావు. ఆయనకి బర్మాలో సెప్పు, నానూ వింతాను.”

మేనేజరు కూడా నా వైపే చూశాడు. చెబితే పిన్ని ఉద్యోగం పోయేది, ఆ పెట్టె మీద రాసిన నియమం ఎవరికైనా ఒకటే. కానీ నేను అది ఆలోచించి ఆగానని చెబితే అబద్ధం. సిగ్గుతో చచ్చిపోయాను, అంతే. ఆ మాట అన్నది పిన్ని, నవ్వింది నేను. ఆ నవ్వుని బర్మాలోకి ఎలా మార్చను?

“ఏమీ లేదు సార్. ఇంటి విషయాలు” అన్నాను.

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. “నేనూ అదే అనుకున్నాను. మనమంతా ఒక కుటుంబం కదా” అని నా కాగితం నా ముందుకే తోశాడు. అపార్థం జరిగిందని కింద ఒక లైను రాసి సంతకం పెట్టాను. టిన్‌సేన్ పెట్టింది. పిన్ని పెట్టింది. మూడు ఉద్యోగాలూ నిలబడ్డాయి.

మెట్ల మీద టిన్‌సేన్ ఆగింది. పిన్ని తల వంచుకుని నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడింది. నేను ఉండబట్టలేక తెలుగులోనే అడిగాను. “మీకు తెలుగు వచ్చని ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?”

“సెప్తే నా ముందు మాటాడ్డం మానేస్తారు. అప్పుడు నన్ను ఏటనుకుంతన్నారో నాకెలా తెలుస్తాది?”

“తెలుగు పాలు తాగి మమ్మల్ని అంత మాటెలా అంటారు మరి? కలా దేశానికి పొమ్మని?”

ఆవిడ కిళ్ళీ నమలడం ఆపింది. “ఆ మాటకి జవాబుంది. ఇక్కడ మెట్ల మీద సెప్పేది కాదు. ఆదివారం తన్లిన్ రా. మార్కెట్ ఎనక ఇల్లు, ఎవరినడిగినా సెప్తారు. తలుపేసుకుని కూకుందాం. నువ్వు నన్ను అనాల్సినవన్నీ అను, నానూ అంతాను. ఏదీ దాసుకోవద్దు.”

చిన్నప్పట్నించి నేను కోరుకున్నది అదే. ఈ ఊళ్ళో ఎవరైనా ఒక్కరు ఎదురుగా కూర్చుని, నవ్వకుండా, మాట మార్చకుండా దీని గురించి మాట్లాడాలని. పిన్నిని తిట్టింది అందుకే, రెండు పేజీలు రాసింది అందుకే. అది నా ముందుకే వచ్చి నిలబడితే నా నోట్లోంచి వచ్చిందేమిటి?

“ఆదివారం నాకు పనుంది” అన్నాను, బర్మాలో.

టిన్‌సేన్ నన్ను ఒక్క చూపు చూసి దిగి వెళ్ళిపోయింది.

ఆదివారం నాకే పనీ లేదు. పొద్దెక్కేదాకా పడుకుని ఫోను చూసుకున్నాను. బజారుకి పోతున్నానని బాబాయితో చెప్పి పిన్ని ఎనిమిదింటికే బయల్దేరింది. పదకొండయినా రాలేదు. మధ్యాహ్నం అన్నం నేనే వండాను, పప్పు మాడిపోయింది. నాలుగింటికి వచ్చింది. చేతిలో బజారు సంచీ లేదు. కళ్ళు వాచిపోయాయి, గొంతు బొంగురు పోయింది. చెప్పులకి తన్లిన్ ఎర్రమట్టి ఉంది.

“వెళ్ళావా పిన్నీ?” అన్నాను. పిన్ని కాళ్ళు కడుక్కుంటోంది. “ఏం మాట్లాడుకున్నారు? ఆవిడ ఏమంది? నువ్వేమన్నావు?”

“నీకెందుకే?”

“నాకెందుకేంటి? ఫిర్యాదు నాది. తిట్లు తిన్నది నేను. నాకు చెప్పాలి కదా!”

“నీదేటుంది? ఒక కాయితం రాసినావు, మల్లీ నువ్వే కొట్టీసినావు” అంది పిన్ని, తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ. “అది రమ్మన్నది నిన్ను. నన్ను కాదు. గుమ్మంలో నన్ను సూసి, మొదట నీ గురించే అడిగినాది.”

“ఏం చెప్పావు?”

“పనుందని సెప్పినాను” అంది. “నమ్మనేదు.”